దేవుని గూట్లో గార్డు డబ్బా

ఇత్తడి రేకుతో చిన్న చిన్న రైలు డబ్బాలు కట్టేవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో నన్ను అందరూ "సార్" అంటారు. నేను పెట్టిన ఫొటో చూసి "సార్, అతుకు ఎక్కడా కనబడటం లేదు, ఏం వాడారు?" అని అడుగుతారు. నేను వాళ్లను దిద్దను. నా బొమ్మ ఉండాల్సిన చోట గూడ్సు వ్యాగన్ బొమ్మ ఉంటే, అది పెట్టింది మగవాడేనని వాళ్లంతట వాళ్లే అనుకుంటే, అందులో నా తప్పేముంది? అతుకు మాత్రం నిజంగానే కనబడదు. ఆ సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నేను ఎల్లారెడ్డిలో హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఉండేది కామారెడ్డిలో. పొద్దున బస్సెక్కి లింగంపేట మీదుగా పోతాను, సాయంత్రం అదే దారిన వస్తాను. లింగంపేట నేను పుట్టి పెరిగిన ఊరు. అక్కడ మా అమ్మ ఇంట్లో బీడీలు చేసేది. పదో తరగతి పుస్తకం పక్కన పెట్టుకుని నేనూ చేశాను. బీడీ చుట్టడం ఎవరైనా నేర్చుకుంటారు, కొస మడవడంలోనే ఉంది పనితనం. గోటితో ఆకు కొసను లోపలికి నొక్కేటప్పుడు గట్టిగా నొక్కితే పగులుతుంది, మెత్తగా వదిలితే విడిపోతుంది. ఎక్కడ ఆగాలో వేలికే తెలియాలి. నా వేలికి తెలుసు. ఆ తర్వాత డిగ్రీ, బీఈడీ, ఉద్యోగం అన్నీ వచ్చాయి గానీ, ఆ వేలికి మాత్రం చాలా ఏండ్లు పని లేకుండా పోయింది.

సికింద్రాబాద్‌లో ఒక పెండ్లికి పోయినప్పుడు దానికి మళ్లీ పని దొరికింది. మా ఆయనతో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన మమ్మల్ని ఇంటికి తీసుకుపోయాడు. అద్దాల బీరువా నిండా గూడ్సు డబ్బాలు. జానెడు కూడా లేవు గానీ తలుపులు, గొళ్లాలు, మెట్లు, ఒక్కటీ తక్కువ లేదు. ఎక్కడ కొన్నారని అడిగాను. "కొన్నవి కాదమ్మా, కట్టినవి" అని పల్చటి కవరు ఒకటి తీసి చూపించాడు. అందులో ఉన్నది ఒట్టి ఇత్తడి రేకు. డబ్బా గోడలు, తలుపులు, అడుగు భాగం అన్నీ దాని మీద పరిచినట్టు చెక్కి ఉన్నాయి. ఒక్కోదాన్ని కత్తిరించి, అంచులు ఆకురాయితో నున్నగా రాసి, గీత ఉన్న చోట మడిచి, టంకంతో అతుక్కుంటూ పోతే డబ్బా తయారవుతుందట.

"నాకూ ఒకటి ఇప్పించండి" అన్నాను.

"మీకెందుకమ్మా, వేళ్లు కాల్తయి" అన్నాడాయన.

వాళ్లింట్లో రోజూ పొయ్యి మీది పెనం దించేది ఆయనే అయినట్టు! నాకు తిక్క రేగింది. ఆ కవరుతోనే ఆ ఇంటి గడప దాటాను. తిరుగు బండిలో మా ఆయన కామారెడ్డి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

మొదటి డబ్బా వంకరగా వచ్చింది. రెండోది తిన్నగా వచ్చింది. ఇత్తడి రేకు ఒక్కసారే మడతపడుతుంది. తప్పు మడిచానని మళ్లీ విప్పబోతే గీత దగ్గర పుటుక్కున విరుగుతుంది. ఆ ముక్కను మళ్లీ ఆయన దగ్గర తెప్పించుకోవాలి, ఆయన "చెప్పలేదా అమ్మా" అంటాడు, అది నా వల్ల కాదు. అందుకని మడిచే ముందు చాలాసేపు చూస్తూ కూర్చునేదాన్ని. డబ్బా గోడల మీద రివిట్లు ఉంటాయి, ఆవగింజలో సగం కూడా ఉండవు. వాటిని రేకు వెనక నుంచి ఒక్కొక్కటే పొడిచి పైకి ఉబికించాలి. గ్రూపులో వాళ్లు దానికోసం ఏదో పరికరం విదేశాల నుంచి తెప్పించుకుంటారు. నేను జామెట్రీ బాక్సులో ఉండే వృత్తలేఖిని మొన కొంచెం అరగదీసి వాడతాను. లెక్కల టీచర్ ఇంట్లో వృత్తలేఖినులకు కొదవా! నా రివిట్ల వరస చూసి ఒకాయన "సార్, ఆ టూల్ లింక్ పెట్టండి" అని నా వెంటపడ్డాడు.

ఇంటి వెనక సామాన్ల గది నా చేతికి వచ్చింది. ఆదివారాలూ సెలవులూ అందులోనే. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి "టీచరమ్మ రేకులు అతుకుతది" అని నవ్వుకునేవాళ్లు. అతకనీ! మీరు టీవీకి అతుక్కుంటారు, నేను రేకులు అతుకుతాను.

ఇక మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన గూడ్సు రైలు గార్డు. ఈ మధ్య ఆ ఉద్యోగం పేరు మార్చి ట్రైన్ మేనేజర్ అన్నారు. "మేనేజర్ అంట. ఎవల్ని మేనేజ్ జెయ్యాలె? బండి ఎనుక ఉండేదే నేనొక్కన్ని" అన్నాడు ఆ కాయితం వచ్చిన రోజు. ఇక్కడి నుంచి నిజామాబాద్ పోయి డ్యూటీ ఎక్కేవాడు. గూడ్సు బండికి వేళాపాళా ఉండదు. ఎప్పుడు పోతాడో తెలుస్తుంది, ఎప్పుడు వస్తాడో తెలియదు. బండికి అన్నిటికన్నా చివర తగిలించే చిన్న డబ్బాలో కూర్చుంటాడు, రెండు పక్కలా కటకటాల వరండా ఉంటుంది. మూడు పదుల ఏండ్లకు పైగా అదే ఆయన ఆఫీసు. ఇంటికి వచ్చి ఏనాడూ ఆ డబ్బా ముచ్చట చెప్పలేదు. స్నానం చేసి, తిని, పడుకునేవాడు. అడిగితే "ఏముంటది, బండి వోయింది, బండొచ్చింది" అనేవాడు.

రిటైర్మెంట్ దగ్గరపడ్డాక మనిషి మారిపోయాడు. కొన్ని గూడ్సు బండ్లకు గార్డు డబ్బా తగిలించడం మానేసి, ఆఖరి డబ్బా తెగిపోలేదని ఇంజన్‌కు తెలిపే యంత్రం పెట్టె ఒకటి చివర బిగిస్తున్నారు. గార్డు పోయి ఇంజన్లో కూర్చోవాలి. అట్లాంటి బండి మొదటిసారి చేసి వచ్చిన రోజు ఆయన చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"గిన్నేండ్లు నేను జేసిన పని గిప్పుడు గా పెట్టె జేస్తుంది. మరి నేనేం జేసినట్టు? ఎనుక కూసున్న, పచ్చ జెండ ఊపిన. గంతే గదా."

"ఏం మాటలయ్యా అవి?" అన్నాను.

"ఉన్న మాటనే" అని లోపలికి పోయాడు.

రైల్వేవాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఆఖరి డ్యూటీ చేసి బండి దిగే రోజు ఇంటిల్లిపాదీ స్టేషన్‌కు పోతారు. తోటివాళ్లు దండలు వేస్తారు, కొందరైతే డప్పులు కూడా పెట్టిస్తారు. మర్నాడు ఆఫీసులో శాలువా కప్పి నాలుగు మంచి మాటలు చెబుతారు. మా ఆయన ఇతరుల ఆఖరి డ్యూటీలకు అన్నిటికీ పోయి దండలు వేసి వచ్చినవాడే. తన వంతు వచ్చేసరికి మాత్రం "ఎవ్వలు రావొద్దు. ఆఫీసుకు గూడ పోను. బండి దిగి, బస్సెక్కి ఇంటికొస్త" అన్నాడు. ఎంత చెప్పినా అదే మాట. దండ వేయించుకునేంత పని తానేం చేయలేదట!

నాకు ఒళ్లు మండిపోయింది. ఎండాకాలం ఇనుప డబ్బాలో ఉడికి, చలికాలం వణికి, ఎక్కడో అడవిలో సిగ్నల్ లేక ఆగిన బండికి ఒక్కడే కాపలా ఉండి వచ్చిన మనిషి, తన బతుకుకు విలువ లేదనుకుంటూ దొంగలా వెనక గేటు నుంచి ఇంటికి వస్తానంటే నేను ఊరుకుంటానా? మాటలతో ఆయన్ను మార్చలేనని అర్థమైంది. నాకు మాటల కన్నా బాగా వచ్చిన పని ఒకటుంది. సికింద్రాబాద్ పెద్దమనిషికి ఫోన్ చేసి గార్డు డబ్బా కిట్ కావాలన్నాను. "అది అన్నిటికన్నా కష్టమమ్మా" అన్నాడు. పంపించండి అన్నాను.

కష్టమే. దానికి గోడలు తక్కువ, సన్నపనులు ఎక్కువ. వరండాల కటకటాలు వెంట్రుకంత తీగతో కట్టాలి. ఒక తీగను అతుకుతుంటే ఆ వేడికి పక్క తీగ ఊడి పడుతుంది. తడిపిన దూది పక్క అతుకు మీద పెట్టి, వేడి అటు పాకకుండా ఆపుకుంటూ చేశాను. చేతిబ్రేకు చక్రం కందిగింజంత కూడా లేదు. మెట్లు నాలుగు పక్కలా నాలుగు, ఒకటి వంకరపోయినా డబ్బా కుంటిదానిలా కనబడుతుంది. మా ఆయన డ్యూటీకి పోయినప్పుడల్లా గదిలో కూర్చున్నాను, వచ్చే అలికిడి కాగానే పరీక్ష పేపర్లు కప్పేశాను. అచ్చుతప్పు లేకుండా, అసలు దానికి ఎనభై ఏడో వంతు, ప్రతి రివిటూ లెక్క ప్రకారం వచ్చింది. నేను కట్టినవాటిలో అంత బాగా వచ్చింది ఇంకొకటి లేదు. ఇక రైల్వే ఎర్రరంగు వేయడమే మిగిలింది. ఆఖరి డ్యూటీకి ముందే ఆయన చేతిలో పెట్టి, ఇప్పుడు చెప్పు ఏం చేయలేదో అని అడుగుదామనుకున్నాను.

ఆ వారమే మా అత్తమ్మ ఎల్లారెడ్డి నుంచి వచ్చింది. ఆమె అక్కడ మా మరిది దగ్గర ఉంటుంది. నేను స్కూల్ అయ్యాక అప్పుడప్పుడు ఆమె దగ్గర చాయ్ తాగి బస్సెక్కుతాను కాబట్టి మా మధ్య మర్యాదలూ మొహమాటాలూ ఎప్పుడో పోయాయి. ఎల్లారెడ్డికి రైలు లేదు. ఆ వాడకట్టులో మాత్రం అందరికీ "నా పెద్దకొడుకు రైలు నడిపిస్తడు" అని చెప్పుకుంటుంది. నడిపేది డ్రైవరు, నీ కొడుకు గార్డు అని నేను ఎన్నోసార్లు చెప్పాను. "ముందట కూసున్నోడు ఒక్కడే నడిపిస్తడా, ఎనుకోడు జెండ ఊపకపోతే వాడెట్ల వోతడు?" అంటుంది.

ఆ గురువారం పొద్దున నేను ఆఖరి అతుకు వేసి, బస్సుకు టైం అయిందని డబ్బాను కడగకుండానే బల్ల మీద వదిలి పోయాను. టంకం వేసేటప్పుడు వాడే మందు కడగకపోతే ఇత్తడి మీద నల్లమచ్చలు, పచ్చమచ్చలు పడతాయి. సాయంత్రం వచ్చి కడుగుదాంలే అనుకున్నాను.

సాయంత్రం వచ్చేసరికి వెనక వాకిట్లో తుండుగుడ్డ పరిచి ఉంది. దాని మీద దేవుని సామాను తోమి ఆరబెట్టి ఉంది. దీపపు కుందులు, గంట, హారతి పళ్లెం, చెంబు. వాటి వరసలో చిట్టచివర నా గార్డు డబ్బా. పక్కన గిన్నెలో చింతపండు పిప్పి, నల్లబడిన కొబ్బరిపీచు. డబ్బా తళతళా మెరుస్తోంది. ఒక వరండా కటకటాలు లోపలికి వంగిపోయాయి. ఒక పక్క మెట్టు లేదు. బ్రేకు చక్రం లేదు.

"అత్తమ్మా!" అని నేను వేసిన కేక పక్కింటివాళ్లకు కూడా వినబడి ఉంటుంది.

"ఏందే, గట్ల ఒర్రుతవు? నేనేమన్న శెవిటిదాన్నా?" అంటూ ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"దీన్ని ఎందుకు తోమినవ్?"

"ఇత్తడిది గదా. మచ్చలు మచ్చలు వడ్డది. రేపు శుక్రారం. అన్నిటితోని తోమిన."

"కంటికి కనబడని తీగలు అవి! కొబ్బరిపీచు పెట్టి రుద్దుతరా ఎవరన్నా? మెట్టు ఊడిపోయింది, చక్రం ఊడిపోయింది! ఎన్ని రోజుల పని తెలుసా అది? ఎవరికోసం చేసిన్నో తెలుసా? ఇంట్ల ఇత్తడి ముక్క కనబడితే చాలు, చింతపండు పట్టుకుని బయలుదేరుడేనా!"

ఆమె నా మాట వినబడనట్టే వంగి కుందులూ గంటా చెంబూ హారతి పళ్లెంలో పెట్టుకుంది. వాటి మీద డబ్బాను రెండు చేతులతో పెట్టుకుని లోపలికి పోయింది. నేను వెనకాలే పోయాను. దేవుని గూట్లో అన్నీ ఎక్కడివి అక్కడ సర్ది, డబ్బాను దీపం పక్కన పెట్టింది. వేలితో పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. గన్నేరు పువ్వు ఒకటి దాని కప్పు మీద ఉంచింది.

నాకు ఇంకా మండింది. "అది దేవుని సామాను గాదత్తమ్మా, తియ్యి. దేవుని గూట్ల రైలు డబ్బా ఏంది? ఎవరన్నా చూస్తే నవ్వుతరు."

అప్పుడు తిరిగింది నా వైపు.

"నాకు ఎర్కలేదనుకున్నవా గదేందో? నా కొడుకు కూసునే డబ్బా గది. ఫోన్ల ఒకపారి సూపిచ్చిండు. గవే కటకటాలు, గదే తలుపు. సూడంగనే ఎర్కవట్టిన." ఆమె గొంతు పెంచలేదు. "గిన్నేండ్లు నా కొడుకును తీస్కపోయింది. తీస్కపోయినప్పుడల్లా మల్ల తెచ్చి ఇంట్ల దించింది. ఒక్కపారన్న తప్పిందా? దేవునికి వెడ్తిమి బొట్టు, దానికి వెట్టొద్దా?"

ఇత్తడి అనుకుని పొరపాటున తోమింది అనుకున్నాను గానీ, తెలిసే తోమిందని నాకు తోచనే లేదు. నేను ఆయనకు చెబుదామని ఇన్నాళ్లూ మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె ఒక్క బొట్టు పెట్టి చెప్పేసింది. ఏడుపొచ్చింది. ఎవరి ముందైనా ఏడవడం నాకు చచ్చినా ఇష్టం ఉండదు, అందుకని నా గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

కాసేపటికి తలుపు తట్టింది. "ఏందో ఊడిపోయిందంటివి గద, దేవులాడుదాం రా" అంది. ఇద్దరం వాకిట్లో కూర్చుని చింతపండు పిప్పి అంతా వెతికాం. బ్రేకు చక్రం కొబ్బరిపీచు పోగుల్లో దొరికింది, దొరికింది కూడా ఆమెకే. మెట్టు మాత్రం నీళ్లతో మోరీలోకి కొట్టుకుపోయింది. "మెట్టు లేకపోతె ఏమాయె, గా గూట్ల ఎవ్వలు ఎక్కుతరు దిగుతరు?" అంది. నాకు నవ్వొచ్చింది. "కాళ్లు కడుక్కోని ముట్టుకో" అని షరతు పెట్టి, చక్రం అతికేందుకు డబ్బాను నాకు ఒక్క గంట ఇచ్చింది. కటకటాలు కూడా పట్టుకారుతో తిన్నగా చేశాను. అక్కడక్కడ వంపు మిగిలిపోయింది, మిగలనీ అనుకున్నాను. రంగు వేస్తానంటే ఒప్పుకోలేదు. బొట్టు పెట్టినదానికి రంగేంది అంది.

మర్నాడు పొద్దున మా ఆయన డ్యూటీ దిగి ఇంటికి వచ్చాడు. స్నానం చేసి దేవునికి దండం పెట్టుకుందామని గూటి ముందు నిలబడి అట్లాగే ఉండిపోయాడు.

"గిదేంది? ఎవలు వెట్టిన్రు?" అన్నాడు.

"జేసింది నీ పెండ్లాం. వెట్టింది నేను" అంది అత్తమ్మ.

ఆయన వంగి చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక పక్క నుంచి, తర్వాత ఇంకో పక్క నుంచి చూశాడు. ఆయన మొహంలో ఏముందో నాకు సరిగా కనబడలేదు. నేను రోజుల తరబడి కూడబెట్టుకున్న ప్రశ్న గొంతు దాకా వచ్చింది. అడిగేలోపే అత్తమ్మ ఆయన పక్కకు వచ్చి నిలబడింది.

"దీంట్ల ఏడ కూసుంటవురా నువ్వు?"

ఆయన చిటికెన వేలితో కిటికీ పక్కన చూపించాడు. "గీడ అవ్వా."

"ఫ్యానుంటదా?"

"ఉండదు."

"లైటు?"

"టార్చి తీస్కవోత."

"మరి వానొస్తె?"

"తలుపు ఏసుకుంట. జల్లు లోపలికొస్తది, ఒక మూలకు జరుగుత."

"తోడెవలుంటరు?"

"ఎవలుంటరవ్వా. ఒక్కన్నే."

అత్తమ్మ డబ్బా మీది పువ్వు సర్దింది. తర్వాత, "గీ ముచ్చట ఎన్నడు జెప్పకపోతివి" అంది.

"నువ్వు అడగకపోతివి."

"అడిగితె నువ్వు ఏం జెప్తవో అని బుగులయ్యి అడగలే."

ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అప్పుడు ఆమె ఆఖరి డ్యూటీకి తాను స్టేషన్‌కు వస్తానంది. డబ్బాను కండ్లతో చూడాలంది. ఆయన వద్దన్నాడు, ఎండ అన్నాడు, రాళ్లల్లో నడవలేవన్నాడు.

"నువ్వు వద్దంటె ఆగనీకి నేనేమన్న నీ పెండ్లాన్నా?" అంది.

ఆ దెబ్బ నాకు. నిజమే, ఆయన రావొద్దంటే నేను కోపం తెచ్చుకుని రేకు మడవడం మొదలుపెట్టాను గానీ, వస్తానని గట్టిగా చెప్పాలని నాకు తట్టనే లేదు. "నేను గూడ వస్త" అన్నాను వెంటనే. ఆయన ఇద్దరి మొహాలూ చూసి, మా మీద గెలవడం అయ్యే పని కాదని తెలుసుకుని, అన్నం పెట్టమన్నాడు.

ఆయన డిపోలో మంచివాళ్లున్నారు. ఆఖరి డ్యూటీకి కామారెడ్డి గూడ్సు షెడ్డుకు వచ్చే ఎరువుల బండి ఇచ్చారు. దానికి గార్డు డబ్బా ఉంది. బండి వచ్చి ఆగిందని ఫోన్ రాగానే ఆటోలో బయలుదేరాం. అత్తమ్మ నేను దసరాకు పెట్టిన చీర కట్టుకుంది. షెడ్డు దగ్గర హమాలీలు బస్తాలు దించడానికి తయారవుతున్నారు. మేం బండి పక్కన కంకర రాళ్ల మీద నడక మొదలుపెట్టాం. గూడ్సు బండి ఎంత పొడుగుంటుందో దాని పక్కన నడిస్తే గానీ తెలియదు. డబ్బా తర్వాత డబ్బా, అన్నీ ఒకే తీరు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, రెండు మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది.

"ఇంకెంత దూరమే?"

"చివరికి పోవాలత్తమ్మా."

"గింత దూరమా వాడు ఉండేది మనుషులకు?" అని మళ్లీ నడిచింది.

ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు, తెల్ల యూనిఫాం మాసిపోయి ఉంది. మమ్మల్ని చూసి గబగబా దిగివచ్చాడు. ఆయన స్నేహితుడైన ఇంకో గార్డు కింద నిలబడి ఉన్నాడు. అత్తమ్మ నేరుగా డబ్బా దగ్గరికి పోయి దాని ఇనుప కమ్మీ పట్టుకుని చూసింది, ఎండకు కాలుతోంది కాబోలు, చెయ్యి తీసి కొంగు పెట్టి మళ్లీ పట్టుకుంది. "ఎక్కియ్యి" అంది కొడుకుతో. బయటివాళ్లను ఎక్కించకూడదని రూలు. మా ఆయన తన స్నేహితుని వైపు చూశాడు. అతను ఫోన్ చూసుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు. మెట్లు ఎత్తుగా ఉన్నాయి. కొడుకు పై నుంచి చెయ్యి పట్టి లాగితే, నేను కింద నుంచి ఎత్తి ఎక్కించాను.

నేనూ మెట్టెక్కి లోపలికి చూశాను. ఎన్నో రోజులు ఆ డబ్బానే కట్టాను, ప్రతి కొలతా నాకు నోటికి వచ్చు. లోపల ఎట్లా ఉంటుందో మాత్రం అప్పటిదాకా చూడలేదు. ఇనుప గోడలు, దుమ్ము, ఒక మూల నీళ్ల డబ్బా, ఆయన పెట్టె. నిలబడి మూడడుగులు వేస్తే గోడ వస్తుంది. మూసి ఉన్న అవతలి తలుపు సందులోంచి ఒక చార వెలుగు. వేడికి అక్కడ ఊపిరాడటం లేదు. నా కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక మనిషి ఇందులో బతుకు గడిపాడన్నది ఒక్కటే నా కొలతల్లో లేదు.

అత్తమ్మ ఆయన సీటు మీద కూర్చుంది. కాళ్లు కింద ఆనలేదు. గోడల మీద చెయ్యి వేసి చూసింది. కిటికీలోంచి బయటికి చూసింది, పట్టాలు తప్ప ఇంకేం కనబడవు అక్కడి నుంచి.

"గీడనేనా?" అంది.

"గీడనే అవ్వా."

"మంచిది. నువ్వు దిగు."

"ఏందవ్వా?"

"దిగుమంటున్న గద. తలుపు దగ్గరికేసి దిగు. జెరసేపు ఒక్కదాన్నే కూసుంట."

ఆయన బయటికి వచ్చాడు. తలుపు దగ్గరికి వేశాడు. ఇద్దరం కిందికి దిగి నిలబడ్డాం. లోపలి నుంచి చప్పుడు లేదు. ముందు వైపు ఎక్కడో హమాలీలు బస్తాలు దించుతున్న మోత వినబడుతోంది. ఆయన కండ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు, స్నేహితుడు చూస్తాడని మొహం తిప్పుకోలేదు. పెండ్లయిననాటి నుంచి ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

కొంతసేపటికి ఆయనే అన్నాడు: "రేపు ఆఫీసుల శాలువ కప్పుతరంట. పోదాం. అవ్వను గూడ తీస్కపోదాం."

సరే అన్నాను. ఆయన దగ్గరకేసిన తలుపు వైపే చూస్తూ ఉన్నాడు. "అవ్వా, ఉడుకపోస్తలేదా, దిగుతవా?" అని పిలిచాడు.

"ఉండు బిడ్డా, ఇప్పుడే గదా కూసున్న" అంది లోపలి నుంచి.